వెనక సీటులో మా అమ్మ

మా అమ్మకి కారు పడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఇంట్లోనే కాదు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మా వరసలో ఉన్న క్వార్టర్లన్నిటికీ తెలుసు. కారెక్కిన పావుగంటకి కణతలు పట్టుకునేది. అరగంటకి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇంటికొచ్చాక గుమ్మంలోనే కూలబడి, మంచినీళ్లు తెమ్మని సైగ చేసేది. మేమందరం నవ్వేవాళ్ళం. నేను మరీ ఎక్కువ నవ్వేదాన్ని. మా అమ్మకి ఎడ్లబండే రాసిపెట్టి ఉందని కాలేజీలో స్నేహితురాళ్ళకి చెప్పి మరీ నవ్వించాను. ఆ మాట తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గుగా ఉంటుంది. ఆవిడకి పడనిది కారు కాదు. కారు కింద చిల్లుపడిన గొట్టంలోంచి లోపలికి వచ్చే పొగ. ఆ సంగతి కనిపెట్టడానికి ఆరు చలికాలాలు పట్టింది. కనిపెట్టింది కూడా ఆవిడే.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. అరవైల మొదట్లో, నాన్నకి స్నేహితుడైన ఒక ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవరు పెళ్ళాం బిడ్డలతో దేశం వదిలి వెళ్ళిపోతూ తన కారుని నాన్నకి అప్పగించి వెళ్ళాడు. "దీన్ని బతికించగలిగేవాడివి నువ్వొక్కడివే" అన్నాడట. ఆ కారు నాకంటే నాలుగేళ్లు పెద్దది. నల్లగా, గుండ్రంగా, పడుకున్న గేదెలా ఉండేది. పాసుల మీద రైలెక్కి తిరిగే మా వాళ్ళకి కారు అవసరం ఏముంది? అయినా అది వచ్చిన నెలకే అందరిదీ అయిపోయింది. నొప్పులొచ్చిన ఆడవాళ్ళని ఆసుపత్రికి, పెళ్లికూతుళ్ళని మండపానికి, కాలు విరిగినవాళ్ళని కట్టు కట్టించడానికి, అన్నిటికీ అదే. నాన్న ఎవరినీ కాదనలేదు. డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుండగా గేటు దగ్గర ఎవరైనా నీళ్లు నములుతూ నిలబడితే, "ఏటి, బండి తియ్యాలా?" అని తనే అడిగేవాడు.

నాన్న వర్క్‌షాపులో బాయిలర్ మేకర్. మా తాత పలాస దగ్గర నుంచి వచ్చి పట్టిన సుత్తి నాన్న చేతికి వచ్చింది. ఆవిరి ఇంజను పొట్టలోకి దూరి చేసే పని అది. బాయిలరు పలకల్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీలు లోపల వందల్లో ఉంటాయి. వాటిలో ఏది విరిగిందో కంటికి కనిపించదు. నాన్న చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్నీ కొట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగి, సుద్దతో గీత పెట్టేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే విరిగి ఉండేది. రివెట్ల మోతలో ఇరవై ఏళ్ళున్నందుకు ఆయన చెవులు అప్పటికే సగం పోయాయి. "సెవితో ఏటి పని? సుత్తి పిడి సెప్తాది" అనేవాడు. విశ్వకర్మ పూజ రోజున వర్క్‌షాపులోకి ఇళ్ళవాళ్ళని రానిస్తారు. ఒక ఏడు ఆయన అలా గీతలు పెట్టి చూపిస్తుంటే పెద్ద పెద్ద సాహెబులు చేతులు కట్టుకుని చూశారు. ఆ రోజు నాకు కలిగినంత గర్వం నా పెళ్లినాడు కూడా కలగలేదు.

అంత పనివాడు ఇలాంటి పొరపాటు ఎలా చేశాడని మా పిల్లలు అడుగుతారు. అంత పనివాడు కాబట్టే చేశాడంటాను. ఆవిరి ఇంజన్ల మనుషులకి పొగ అంటే కనిపించేది. గొట్టంలోంచి పొగ నల్లగా వస్తే ఫైర్‌మేన్‌కి బొగ్గు వేయడం రాదని, పల్చగా వస్తే మంట బాగుందని మా వీధిలో పలకా బలపం పట్టిన పిల్లలు కూడా చెప్పేవాళ్ళు. ఆవిరి కారితే బుస్సుమంటుంది, తెల్లగా కనిపిస్తుంది, చేతికి తగిలితే కాలుతుంది. చప్పుడు చేయకుండా, కనిపించకుండా కారేది వాళ్ళ లోకంలో లేదు. నాన్న ఆదివారం పూట కారు స్టార్ట్ చేసి, వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుని, గొట్టం చివర పొగ ఏమీ కనిపించకపోతే మురిసిపోయేవాడు. ఇంజను దగ్గర టిక్కు టిక్కుమని ఏదో కొట్టుకుంటోందని అమ్మ రెండు మూడుసార్లు అంది. ఆ చప్పుడు నాన్న చెవులకి అందేది కాదు. మోటారు మిస్త్రీల దగ్గరికి పోవడం ఆయనకి నామోషీ.

ఇంజను దగ్గర గొట్టం అతుకు వదులైతే, ఆవిరి గొట్టానికి చేసినట్టే ఆస్బెస్టాస్ తాడు చుట్టి, సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి, తీగతో బిగించాడు. సైలెన్సరు తుప్పు పట్టకుండా నెలకోసారి నల్లరంగు వేసేవాడు. కారు కింద వెల్లకిలా పడుకుంటే కంటికి ఎదురయ్యే వైపే వేసేవాడు. పైవైపు, అంటే మన కాళ్ల కింద ఉన్న వైపు, కుంచె చేరదు, చూపూ చేరదు. కింద నిగనిగలాడుతూ పైన తిని పోతున్న సంగతి ఎవరికి తెలుస్తుంది? వెనక సీటు ముందు నేల రేకుకి కూడా చిల్లులు పడ్డాయి. చలిగాలి కొడుతోందని, వర్క్‌షాపులో చేతులు తుడుచుకునే నూలు పీచు తెచ్చి వాటిలో కూరి, మీద గోనెపట్టా పరిచాడు. ఆ పీచుని మేం వేస్టు అనేవాళ్ళం. రైల్వే ఇళ్ళల్లో కిటికీ సందుకీ, ఎలకబొక్కకీ, నీళ్ల తొట్టి తూముకీ అదే మందు. చిల్లు కనిపించకపోతే చిల్లు లేనట్టే.

ముందు సీటులో నాన్న పక్కన నేనో అక్కో కూర్చునేవాళ్ళం. అమ్మ ఎప్పుడూ వెనకే. వీధంతా చూస్తుండగా మొగుడి పక్కన కారులో కూర్చోవడం ఆవిడకి సిగ్గు. నాన్న మోచెయ్యి కిటికీ బయటపెట్టి నడిపేవాడు కాబట్టి ఆయన పక్క అద్దం ఎప్పుడూ దించే ఉండేది. వెనక అద్దాలు మాత్రం, చలి తగలకుండా, పూర్తిగా ఎత్తేసేవాళ్ళం. ఏదో వాసన వస్తోందని అమ్మ అంటే, పెట్రోలు బండి పెట్రోలు వాసన కాక మల్లెపూల వాసన వేస్తుందా అని నేను దెప్పేదాన్ని. నాన్న నాకంటే మంచివాడు. దెప్పేవాడు కాదు. బజారులో ఆగి నిమ్మకాయ కొని, గోటితో గిచ్చి, వాసన చూడమని వెనక్కి అందించేవాడు.

అక్క మా ఇంటికి పురిటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. బావ కాంథీలో కాలవల ఆఫీసులో పనిచేసేవాడు. అప్పట్లో కాంథీకి రైలు లేదు. పాసు చెల్లని ఊరికి పిల్లనిచ్చావేమిటని వర్క్‌షాపులో నాన్నని ఏడిపించేవాళ్ళు. మూడో నెల వెళ్ళాక, డిసెంబరులో ఒక ఆదివారం చూసి, అక్కనీ పిల్లాణ్ణీ సారెతో సహా కారులో దిగబెట్టాలని నిర్ణయమైంది. నాలుగు గంటల దారి. పసివాడికి చలిగాలి తగలకూడదు కాబట్టి అద్దాలన్నీ ఎత్తాలి. కుదుపులకి సీటు మీంచి జారకుండా, వెనక సీటు ముందు కింద వెదురుబుట్ట పెట్టి దానిలో పడుకోబెట్టాలని నాన్న ఆలోచన. బుట్టకి కొలతలు తీసుకుని తనే అల్లించి తెచ్చాడు. ఆయన పీచు కూరిన చిల్లులున్నదీ సరిగ్గా ఆ చోటే.

ప్రయాణానికి వారం ముందు, ఆదివారం మధ్యాహ్నం మిడ్నాపూర్ వెళ్ళాం. అక్కడున్న చుట్టాలకి పిల్లాణ్ణి చూపించి, చేయించిన చెక్క ఉయ్యాల తెచ్చుకోవాలని. పెద్ద ప్రయాణానికి ముందు బుట్ట సరిపోతుందో లేదో కూడా చూసుకున్నట్టుంటుందని నాన్న అన్నాడు. ఉయ్యాల డిక్కీలో పట్టలేదు. మూత పైకెత్తి తాడుతో కట్టేశాం. అద్దాలు బిగించి తిరుగు ప్రయాణమయ్యాం. పిల్లాడు వెంటనే నిద్రపోయాడు. నది దాటి, గతుకుల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ ఇల్లు చేరాం. వాడు కదలలేదు. "తాత కారుంటే ఉయ్యాలెందుకు?" అని అక్క నవ్వింది.

ఇంట్లోకి తెచ్చి పాలకి లేపితే వాడు లేవలేదు. ఎంత నిద్రో అని నేను ముచ్చటపడ్డాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే బుట్ట దగ్గరికి వచ్చి, వాడి అరికాలు గిల్లింది. వాడు కాలు లాక్కోలేదు. ఇంకొంచెం గట్టిగా గిల్లింది. అప్పుడు ఆవిడ తన తల తిరుగుడు మరిచిపోయి, వాణ్ణి గభాలున ఎత్తుకుని వీధి వరండాలోకి పరిగెత్తి, ఒంటి మీది ఉన్ని చొక్కా విప్పేసి, వీపు రుద్దుతూ నిలబడింది. "చలిలో పసివాడికి బట్టలు విప్పుతావేంటమ్మా" అని నేను కసురుకున్నాను. ఆవిడ వినలేదు. పక్కింటావిడ దండెం మీది బట్టలన్నీ తీసి, మడతపెట్టి, లోపలికి వెళ్ళేదాకా రుద్దుతూనే ఉంది. చివరికి వాడు ముక్కు చిట్లించాడు. కొంచెం కక్కాడు. ఏడ్చాడు. అక్క తనకీ తల పగిలిపోతోందని పడుకుంది. నాన్న డిక్కీ తాడు విప్పుకుంటూ వెనక ఉన్నాడు, ఇదేమీ చూడలేదు.

ఆ సాయంత్రం నాన్న అన్నం తింటుండగా అమ్మ అంది:

"గుంటడు ఆ కారెక్కడు."

నాన్నకి వినపడలేదేమో అనుకుని నేను గట్టిగా చెప్పాను. ఆయనకి వినపడింది.

"ఏటే, ఏటైనాది?"

"ఎనక సీటులో ఏదో ఉంది. ఆరేళ్ల బట్టీ కూకుంటన్నాను. నాకు తెలుసు."

నాన్న నవ్వాడు. "నీకు కారు పడదు. గుంటడికీ నీ పోలికొచ్చినాదేటి?"

"బస్సులో నాకు తలనొప్పి రాదు. రైల్లో రాదు. పూజకి మీ వర్క్‌షాపు లారీలో ఎళ్ళినప్పుడూ రానేదు. ఒక్క మీ కారులోనే ఒస్తాది. ఎండాకాలం తక్కువ, సలికాలం ఎక్కువ. అద్దాలు మూసినారంటే మరీ ఎక్కువ. నాకు కారే పడకపోతే ఎండాకాలం ఎలాగ పడతంది?"

అమ్మ మూడో తరగతి దాటలేదు. ఇంత లెక్క ఎప్పుడు కట్టిందో, మేమంతా నవ్వుతున్నప్పుడే కట్టి ఉంటుంది. నేను బీఏ చదువుతున్నాను, నాకు తట్టలేదు. నాన్న కంచంలో వేలు తిప్పుతూ, "పొగయితే కనపడాల కదా. ఏదీ, సూపించు" అన్నాడు.

"సూపిస్తాను" అంది అమ్మ.

వారమంతా ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు. అక్క బట్టలు సర్దుకుంటోంది. అరిసెలు, చలిమిడి సారె బుట్టల్లోకి చేరాయి. బావకి ఉత్తరం వెళ్ళిపోయింది. శనివారం వర్క్‌షాపు సగం పూటే. నాన్న భోజనం చేసి వచ్చేసరికి అమ్మ కారు వెనక తలుపు తెరిచి పెట్టింది. గోనెపట్టా లాగి వీధిలో పడేసింది. చిల్లుల్లోంచి వేస్టు ఉండలు ఒక్కొక్కటే పీకింది. లోపలికెళ్ళి పెట్టె తెరిచి నాన్న పంచె తెచ్చింది. పండగలకి మాత్రమే కట్టే పంచె అది. నీలిమందు పెట్టి, గంజి పెట్టి, మడత నలగకుండా దాచింది. దాన్ని నేల రేకు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది.

"సాల్వా దాకా ఎళ్ళి రండి" అంది నాన్నతో. "దీన్ని ఎలాగ పరిసినానో అలాగ తెల్లగా తెస్తే, రేపు నానే బుట్ట మోసుకొచ్చి కారులో ఎడతాను."

నన్ను ముందు సీటులో కూర్చోమని, నాలుగు అద్దాలూ దించి, తల కిటికీ వైపే పెట్టుకోమని చెప్పింది. నేను నాన్న పక్షం. నిజం చెప్పాలంటే, ఆ పంచె తెల్లగానే తిరిగి రావాలని దారి పొడుగునా కోరుకున్నాను. వర్క్‌షాపు సాహెబులు చేతులు కట్టుకుని చూసిన మనిషి వంటింటి మనిషి చేతిలో ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. నాన్న మాత్రం హాయిగా, ఎదురొచ్చే సైకిళ్ళకి దారిస్తూ నడిపాడు. నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న సాల్వా వెళ్ళి వచ్చాం.

అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. వెనక తలుపు తనే తెరిచింది. పక్కకి జరిగింది. పంచె మధ్యలో, అన్నం కంచం అంత మేర, నల్లగా ఉంది. అంచుల్లో బూడిద రంగు, నడుమ చిక్కటి మసి. సరిగ్గా బుట్ట పెట్టిన చోట.

నాన్న గొంతుక్కూర్చున్నాడు. చూపుడు వేలితో ఆ మసిని ముట్టుకుని, బొటనవేలితో నలిపి, వాసన చూశాడు. ఆయన జీవితమంతా మసిలోనే గడిచింది. దాన్ని చూసి మంట సంగతి చెప్పగలడు. మసిని ఎలా కాదనగలడు? అమ్మ పీకి పడేసిన వేస్టు ఉండల్లో ఒకదాన్ని తీసుకున్నాడు. తను కూరినప్పుడు తెల్లగా ఉన్న పీచు అటూ ఇటూ కూడా నల్లబడి ఉంది. ఇస్త్రీ బట్టల్లోనే కారు కిందకి దూరాడు. చాలాసేపు రాలేదు. లోపల నుంచి సుత్తి చప్పుడు రెండుసార్లు వినిపించింది, తర్వాత పెళ్ళలు రాలిన చప్పుడు. బయటికి వచ్చేసరికి ఆయన చేతిలో సైలెన్సరు పైభాగం రేకు ఉంది. బిస్కట్టులా విరిగిపోతోంది.

ఆయన మెట్టు మీద కూర్చుని, "ఆరేళ్ళు. నాకు ఒక్కపాలైనా సెప్పనేకపోనావా?" అన్నాడు.

"ఎక్కినప్పుడల్లా సెప్పినాను" అంది అమ్మ. "మీరు నిమ్మకాయ ఇచ్చినారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది నాకు. నాన్న ముఖం ఆ పూట ఉన్నట్టు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. మా నాన్న ఏడవలేదు, అరవలేదు, పంచె పాడు చేశావని అనలేదు. లేచి లోపలికి వెళ్ళి, పడుకున్న మనవడి బుట్ట పక్కన నిలబడి, వాడి పొట్ట లేచి పడటం చూశాడు. తర్వాత అక్కని పిలిచి, మా అందరి ముందూ, "రేపు బస్సుకి ఎళ్తాం. తప్పు నాదే అమ్మా" అన్నాడు. అంతే, సారె బుట్టలు తాళ్ళతో కట్టడం మొదలుపెట్టాడు. సుత్తితో ఆయన చేసిన పనులన్నిటికంటే నాకు ఆ ఒక్క మాట గొప్పగా కనిపిస్తుంది. తప్పు తమదని పెళ్ళాం ముందు, పిల్లల ముందు ఒప్పుకున్న మగవాళ్ళని నేను చాలామందిని చూడలేదు.

మర్నాడు ఉయ్యాలనీ సారెనీ బస్సు టాపు మీదకి తనే ఎక్కించాడు. బస్సులో కిటికీలకి అద్దాలే లేవు. పిల్లాడు బేల్దా దాకా ఏడ్చాడు, బేల్దా నుంచి ఎగ్రా దాకా ఏడ్చాడు. కోడి బుట్టతో పక్కన కూర్చున్న ఒక బెంగాలీ ముసలాయన విసుక్కుని, ఊరుకోబెట్టమ్మా అన్నాడు. "ఏడవనీ దాదా, ఏడవనీ" అంది అమ్మ, ఏదో సంగీతం వింటున్నట్టు మురిసిపోతూ. ఆవిడ తల ఆ రోజంతా నొప్పి పెట్టలేదు.

తిరిగి వచ్చాక నాన్న గోల్ బజార్ దగ్గర ఉండే మోటారు మిస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. సుత్తి పట్టడం రాదని ఆరేళ్లుగా తను వెక్కిరించిన మనిషి దగ్గరికి, తనకంటే చిన్నవాడి దగ్గరికి, నేర్చుకోవడానికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. మిస్త్రీ బీడీ పక్కన పెట్టి బెంగాలీలో ఓపిగ్గా చెప్పాడు. ఇంజను పొగలో ఉండే విషానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, ఆ పైన వాంతి, ఆ పైన నిద్ర. నిద్రలోకి వెళ్ళినవాడు తనకేదో అవుతోందని తెలుసుకోలేడు, లేచి కిటికీ తీసుకోలేడు. పసిపిల్లలకి మరీ తొందరగా ఎక్కుతుంది. వెనక మూత తెరిచి నడిపితే గొట్టం చివర పొగ కూడా తిరిగి కారులోకే వస్తుంది. ఆ మాట విన్నప్పుడు నాన్న నా వైపు చూశాడు. నాకు కూడా తాడుతో కట్టిన డిక్కీ మూతే కళ్ళ ముందు మెదిలింది. ఇంకో పావుగంట ప్రయాణం ఉంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న మేమిద్దరం ఎప్పుడూ పైకి అడగలేదు.

అతుకులు వద్దన్నాడు మిస్త్రీ. ఇంజను దగ్గర నుంచి చివర దాకా గొట్టం కొత్తది, సైలెన్సరు కొత్తది వేశాడు. నేల రేకు మాత్రం నాన్న తనే వేశాడు. మందపాటి రేకు కోసి, అంగుళానికొక రివెట్టు కొట్టాడు. "దాదా, ఇది కారా బాయిలరా?" అని మిస్త్రీ నవ్వాడు. నాన్న గొట్టం చివర తడిగుడ్డ కుక్కి, ఇంజను నడిపిస్తూ, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్ళు పూసి బుడగలు లేస్తాయేమో చూశాడు. ఇక ప్రతి నెలా అలాగే చూసేవాడు. పొగ కారే ఆ టిక్కు టిక్కు చప్పుడు ఉందేమో, ఇంజనుకి దగ్గరగా చెవి పెట్టి వినమని అమ్మని పిలిచేవాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బానెట్ మీదికి వంగి విని, "నేదు" అంటే అప్పుడు మూసేవాడు.

ఇంకో పని కూడా చేశాడు. మా వరసలో, వెనక వరసలో, తన కారెక్కిన ప్రతి ఇంటికీ వెళ్ళాడు. "నా కారులో మీకు తల తిరిగుంటే అది మీ ఒంటి తప్పు కాదు, నా బండి తప్పు. పసిపిల్లల్ని ఎక్కించుకున్నాను, నాకు తెలీక. ఇంకెవరి పాత బండైనా ఎక్కితే అద్దాలు దించుకోండి" అని చెప్పి వచ్చాడు. చెవులు సరిగ్గా వినిపించవు కాబట్టి ఆయన మెల్లగా మాట్లాడలేడు. ప్రతి ఇంట్లో ఒప్పుకున్న తప్పు నాలుగు ఇళ్ళకి వినిపించేది. ఇంటి పరువు తీస్తున్నాడని నాకు ఒళ్ళు మండింది. అప్పుడు నా బుద్ధి అంతే. ఇప్పుడైతే ఆ మనిషి వెనకే నడిచి వెళ్ళేదాన్ని.

మరుసటి చలికాలానికి అక్క ఏడాది దాటిన పిల్లాడితో మళ్ళీ వచ్చింది. ఈసారి కారులోనే దిగబెట్టడానికి అమ్మ ఒప్పుకుంది. నాలుగు అద్దాలూ నాలుగు వేళ్ళ మేర దించి ఉండాలని మాత్రం అంది. ఆవిడ వెనకే కూర్చుంది, ఒళ్ళో మనవడు. నాన్న ప్రతి మైలురాయి దగ్గరా "తలకాయ ఎలాగుంది?" అని అడిగాడు. "రోడ్డు సూసి నడపండి" అంది అమ్మ ప్రతిసారీ. ఆవిడకి ఏ నొప్పీ లేదు. బేల్దా దాటాక, పొలాల మధ్య ఎండ వెచ్చగా కారులోకి పడుతుంటే, పిల్లాడు అమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

అక్క పిల్లాడి కాలు పట్టుకుంది. అమ్మ గిల్లబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నాన్న అద్దంలో చూశాడు. కారుని రోడ్డు పక్కకి తీసి, ఇంజను ఆపాడు. దిగి, నాలుగు తలుపులూ బార్లా తెరిచాడు. వెనక తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లాడి ముక్కు కింద తన అరచెయ్యి పెట్టి ఉంచాడు. సుత్తి పట్టి పట్టి మొద్దుబారిన చెయ్యి అది, అంత చిన్న ఊపిరి దానికి తెలిసిందో లేదో. తెలియలేదేమో, ఆ చెయ్యి తీసి చెంప పెట్టాడు.

"లేపమంటారా?" అంది అక్క.

"వద్దు. నిద్ర మంచిదే. ఆడే లెగుస్తాడు" అన్నాడు నాన్న.

బండి నడుస్తుండగా నిద్రపోతే అది ఏ నిద్రో ఆయనకి తెలియదు. ఆగి ఉంటే తెలుస్తుంది. అందుకని అమ్మ పిల్లాడితో వెనక సీటులోనే ఉంది, నేనూ అక్కా రోడ్డు మీద నిలబడ్డాం. గడ్డిమోపుల లారీ ఒకటి మా పక్కన ఆగింది. "కీ హొలో దాదా, గాడీ ఖరాబ్?" అని డ్రైవరు తల బయటపెట్టాడు.

"గాడీ ఠీక్ ఆఛే. బాచ్చా ఘుమోచ్ఛే" అని నాన్న తన మామూలు గొంతుతోనే అరిచాడు. బండి బాగానే ఉంది, బిడ్డ నిద్రపోతున్నాడు అని. అమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుని ఆయన్ని కోప్పడింది. డ్రైవరు మా వైపు వింతగా చూసి వెళ్ళిపోయాడు. ఎండ పొలం గట్టు దాకా జరిగింది. నాన్న కదలకుండా మోకాళ్ళ మీదే ఉన్నాడు. పిల్లాడు తనంతట తను కళ్ళు తెరిచి, అంత దగ్గరగా ఉన్న తాత ముఖం చూసి జడుసుకుని, ఏడుపు లంకించుకునేదాకా ఆయన ఇంజను స్టార్ట్ చేయలేదు.